చూడని మూల

“చక్కెర డబ్బా చెప్పుల స్టాండులో ఎందుకుంది?” నానమ్మ హాల్లోంచి కేక పెట్టింది.

వంటగది సామానంతా హాల్లోకి వచ్చి పడింది. టీవీ ముందు స్టవ్వు, సోఫా నిండా గిన్నెలు. ఎవరైనా కూర్చోవాలంటే ముందు కుక్కర్‌ని లేపాలి.

వంటగదిలో అత్త కొత్త అల్మారాలు నిలబెడుతోంది. నేల నుంచి పైకప్పు దాకా ఉండే అల్మారాలు. అత్త వడ్రంగి. వాటిని తన షెడ్డులో తనే చేసింది.

మొదటి రెండూ బుద్ధిగా గోడకు ఆనుకుని నిలబడ్డాయి. అవతలి మూలకు వెళ్ళాల్సిన మూడోది మొండికేసింది. అత్త, నాన్న కలిసి ఎంత తోసినా దాని తల పైకప్పుకు తగులుతోంది.

“నువ్వు సరిగ్గా పట్టుకోవడం లేదక్కా!” అన్నాడు నాన్న.

“నువ్వు నా కాలి మీద నిలబడ్డావురా తమ్ముడూ!”

“అంత ఎత్తెందుకంటే విన్నారా? ఆ పై అరలో ఏం పెడతారు, చందమామనా?” అంది నానమ్మ.

“అమ్మా, కాసేపు ఊరుకో!” ఇద్దరూ ఒకేసారి అరిచారు.

స్క్రూల డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ తొందరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ పేరు నానమ్మ పెట్టింది. ఏ పనైనా సగంలో ఉండగానే “అయిపోయింది!” అంటుంది మరి.

కొలతలు తీసిన రోజు అత్త ఆమె చేతికి టేపు ఇచ్చి, “గోడ ఎత్తు ప్రతి మూలా చూడు,” అంది. తొందరమ్మ ఈ మూల చూసింది. ఆ మూల ఖాళీ సీసాల బుట్టలు అడ్డంగా ఉన్నాయి. వాటిని ఎవరు జరుపుతారు? “అంతటా ఒకటే అత్తా, చూశాను!” అని ఆటకు పరుగెత్తింది.

అత్త అల్మారా పొడవునా టేపు మళ్ళీ మళ్ళీ లాగింది.

“కొలత ప్రకారమే కోశాను కదరా. నా చెయ్యే తప్పిందేమో. ఇదివరకటి చూపు లేదు నాకు.”

అత్త గొంతు అలా నీరసంగా ఎప్పుడూ వినలేదు తొందరమ్మ. ఇక ఉండబట్టలేకపోయింది.

“నీ చెయ్యి తప్పలేదత్తా. నేను ఆ మూల చూడలేదు. చూశానని చెప్పాను.”

నాన్న నోరు తెరిచాడు. అత్త చెయ్యెత్తి ఆపింది.

“చూడలేదని ఆ రోజే ఒక్క ముక్క అనుంటే నేనే చూసుకునేదాన్ని కదే! ఇప్పుడు అడుగున ఉన్న చెక్క విప్పాలి, పక్కలు కోయాలి, తలుపులూ కోయాలి!” అత్త తల పట్టుకుంది. “మళ్ళీ ఒకసారి చూసుకోకపోవడం నా బుద్ధి తక్కువ. నాకు ఒళ్ళు మండిపోతోంది. సరే, మండుతూనే పని చేద్దాం. ఈ చివర పట్టుకో.”

తొందరమ్మ పట్టుకుంది. రంపపు పొట్టు ముక్కులోకి వెళ్ళింది. చేతులు పీకాయి. ఏడుపు కూడా వచ్చింది. పట్టు మాత్రం వదల్లేదు.

మర్నాడు సాయంత్రానికి మూడో అల్మారా తోటివాటి పక్కన ఒదిగిపోయింది. నానమ్మ అప్పుడే గిన్నెలు మోసుకొచ్చేస్తోంది.

“అరల స్క్రూలన్నీ బిగించావా?” పనిముట్లు సర్దుకుంటూ అడిగింది అత్త.

నాన్నతో బజారుకు బయల్దేరి, ఒక కాలికి చెప్పు వేసుకున్న తొందరమ్మ ఆగింది.

“పైవి బిగించాను. కింది అరవి ఇంకా చూడలేదత్తా. నానమ్మా, గిన్నెలు అప్పుడే పెట్టకు!”

చెప్పు విప్పేసి, స్క్రూడ్రైవర్ తీసుకుని అల్మారాలోకి బోర్లా దూరింది.