ముత్తంగి దగ్గర ఆగిపోయిన బ్యూక్

ప్రైవేటు డిటెక్టివ్ బద్రీనాథ్ ఆఫీసు సంగారెడ్డి చౌరస్తాలో తరాజుల దుకాణం మీది గదిలో ఉండేది. ఆ శనివారం పొద్దున ఆయన మిర్చి బజ్జీని చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరుకుంటుండగా మెట్ల మీద దబదబమని అడుగుల చప్పుడైంది. తలుపు తోసుకుని తాటిచెట్టంత మనిషి లోపలికి వచ్చి పడ్డాడు.

"సాబ్, జెర నన్ను కాపాడుండ్రి! అల్లా కసం, నేను దొంగను కాదు!"

అసిస్టెంటు కరీముల్లా అప్పటికప్పుడే తేల్చేశాడు, వీడే దొంగ అని. ఏం పోయిందో ఇంకా తెలియదు గాని అదేమంత పెద్ద విషయం! ఏ కేసులోనైనా మొదట కనిపించినవాడే అతని కంటికి దొంగ. ఆ అంచనా తప్పని కేసంటూ లేదు. తప్పిన ప్రతిసారీ బద్రీనాథ్ మీద అతని భక్తి మాత్రం ఇంకాస్త పెరిగేది.

వచ్చినవాడు తాజ్ మొహమ్మద్, పటాన్‌చెరులో మోటారు మెకానిక్. మంచినీళ్లు తాగించి కుర్చీలో కూర్చోబెడితే సంగతి బయటికి వచ్చింది. సంగారెడ్డి మిర్చి వ్యాపారి పాండురంగం సేటు హైదరాబాదులో ఓ పాత నవాబుల దేవిడీ నుంచి అమెరికా కారు ఒకటి కొన్నాడు. బ్యూక్ రోడ్‌మాస్టర్, యాభై ఒకటి మోడలు, పైకప్పు మడిచే రకం. కొన్న రోజున దాని సీట్ల మీద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. తాజ్ రెండేళ్లు ఒళ్లు వంచి దాన్ని మళ్లీ పెళ్లికొడుకులా తయారుచేశాడు. మొన్న గురువారం మధ్యాహ్నం అది సేటు షెడ్డులోంచి మాయమైంది. సాయంత్రానికి ముత్తంగి దగ్గర రోడ్డు పక్కన, ఒంటి మీద గీత కూడా పడకుండా నిలబడి కనిపించింది.

"దొరికింది గద, ఇంకేంది పరేషాన్?" అన్నాడు బద్రీనాథ్.

"ముత్తంగి నా షెడ్డుకు దగ్గర సాబ్. దాన్ని నడిపేటోన్ని నేనొక్కన్నే. మనసు పడి ఎత్తుకపోయిన్నని సేటు అంటుండు. రేపటిలోపల ఒప్పుకోకుంటే ఠాణాల రిపోర్టు ఇస్తడట. ఎల్లుండి సోమవారం నేను కొత్త ఫ్యాక్టరీల నౌకరికి ఎక్కాలె. బండ్లన్నీ నా చేతికిస్తమన్నరు. దొంగ కేసున్నోన్ని గేటు లోపలికి రానిస్తరా సాబ్?"

అది డెబ్బై నాలుగో సంవత్సరం. పటాన్‌చెరు వైపు జొన్న చేలల్లో ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న కాలం, అందులో నౌకరి అంటే పిల్లలకు రెండు పూటలా తిండి. బద్రీనాథ్‌కు అతని మీద జాలి వేసింది.

"కారు దొరికినప్పుడు పెట్రోలు ఎంతుండె?"

"చుక్క లేకుండె సాబ్. అందుకే ఆగింది."

బద్రీనాథ్ కొరకబోతున్న బజ్జీని పళ్లెంలో పెట్టేశాడు. అది మంచి సూచన అని కరీముల్లాకు అనుభవం మీద తెలుసు. చల్లారిపోకుండా ఆ బజ్జీ తనే తినేశాడు.

*

పాండురంగం సేటు నిలువెత్తు మనిషి, పొట్ట ఆయనకన్నా ఒక అడుగు ముందు నడిచేది. విచారణకు వచ్చామని చెప్పగానే ఆయన వాళ్లను షెడ్డులోకి తీసుకుపోయి ఉపన్యాసం మొదలుపెట్టాడు. మీగడ రంగు ఒళ్లు, ఎర్రతోలు సీట్లు, ముందు ఇనుప పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న మొహం. కారు నిజంగానే కళ్లు చెదిరేలా ఉంది.

"సూడుండ్రి, ఈ పక్క నాలుగు రంధ్రాలు, ఆ పక్క నాలుగు. నాలుగుంటేనే రోడ్‌మాస్టర్. ఈడ స్టీరింగు ఎడమపక్క ఉంటది, అమెరికా పద్ధతి. క్లచ్చి లేదు, గేర్లు మార్చే పని లేదు. అంత నూనె మీద నడుస్తది. డైనాఫ్లో అంటరు దీన్ని. చెవి తిప్పి ఆక్సిలరేటరు తొక్కితే సాలు, ఇంజను లేస్తది. గుండీ నొక్కితే సీటు జరుగుతది, అద్దం దిగుతది, కప్పు మడతవడుతది. మడిసినంక ఈ తొడుగేసి గుండీలన్ని పెట్టాలె, లేకుంటే దుమ్ము పట్టి ఖరాబైతది..."

అదుగో, అప్పుడే సేటు భార్య చంద్రకళ చాయ్ ట్రేతో వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. కప్పులు ముందు చక్రం మీది ఫెండరు మీద పెట్టబోయిందల్లా ఎందుకో ఆగి, ట్రేను రెండడుగులు పక్కకు జరిపింది. మరుక్షణమే "ఇగ దీని గుండెకాయ!" అంటూ సేటు చెయ్యి గిర్రున ఊపి బానెట్టు లేపాడు. ఆ చెయ్యి కరీముల్లా అప్పుడే అందుకున్న కప్పుకు తగిలి చాయ్ అంతా అతని చొక్కా తాగింది.

"ఎనిమిది సిలిండర్లు, ఒక్కటే వరుసల! ఈ బానెట్టు ఎటు దిక్కు నుంచైనా లేస్తది!"

కరీముల్లా చొక్కా పిండుకుంటుంటే బద్రీనాథ్ అడిగాడు. "సేటూ, గురువారం ఏమైంది?"

"మిర్చి యార్డు నుంచి వచ్చి షెడ్డు తాళం తీసిన. లోపల ఏం లేదు!"

"అంటే దొంగ పోతూ పోతూ మళ్ల తాళమేసిండా?"

"ఏసిండు బద్మాష్."

"తాళంచెవులు ఏడుంటయి?"

"దేవుని అర్రల మేకుకు. ఏడివి ఆడనే ఉన్నయి. కారుది ఇంకోటి తాజ్ దగ్గరుంటది."

"ఆ టైముకు ఇంట్ల ఎవలున్నరు?"

"ఎవలు లేకుండిరి."

"మీ ఇంటామె?"

"ఆమె ఉండె. ఆమె గాక ఎవలు లేకుండిరి అంటున్న."

ఇంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి ఉన్న చంద్రకళ గొంతు సవరించుకుంది. "ఏమండీ, జెర నా మాట ఇనుండ్రి, గురువారం నాడు..."

"నువ్వు ఊకో, నీకు తెల్వదు. అసిస్టెంటు సాబ్‌కు ఇంకో చాయ్ తే."

ఆమె చాయ్ కోసం వెనుదిరిగింది. మూతి మాత్రం కొంచెం వంకరపోయింది.

బద్రీనాథ్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. దొరికినప్పుడు ఎలా ఉందో అలాగే ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారట, పైకప్పు ఇంకా మడిచే ఉంది. దాని మీద తొడుగు, తొడుగుకు గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. స్టీరింగు దగ్గరి సీటు పూర్తిగా ముందుకు జరిగి ఉంది. సేటును కూర్చోమంటే పొట్ట పట్టలేదు. వెంట వచ్చిన తాజ్ కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

తర్వాత లారీ డ్రైవరు ఓదెలును పిలిచాడు.

"గురువారం ఏడున్నవ్?"

"యార్డుల లారీ కింద పండుకున్న సార్."

"సాక్ష్యం?"

"నా గురక ఊరంత ఇన్నది సార్."

సేటు గుమాస్తా కైలాసానిది వేరే బాధ. అతను కరీముల్లా అంత పొట్టి. పైగా ఆ మధ్యాహ్నం సేటు టిఫిన్ డబ్బా కోసం ఇంటికొచ్చి పోయాడు.

"కారు నడపొస్తదా నీకు?"

"జీపు నడుపుత సార్. ఈ కారు ముట్టనియ్యడు సేటు. దాని కథ చెప్పవట్టిండంటే నేను గేటు కాడికి ఉరుకుత."

"మొత్తం ఎన్నడూ ఇనలేదా?"

"ఎవడింటడు సార్? ఎంత పెద్ద చుట్టమైనా ఇంజను కాడికి వచ్చేసరికి బస్సుకు టైమైందంటడు."

బయటికి రాగానే కరీముల్లా ఆగలేకపోయాడు. "కైలాసమే సాబ్! పొట్టోడు, ఇంటికొచ్చిండు, భయపడుతుండు!"

"పొట్టిగుండుడే నేరమైతే నిన్నే ముందుగాల పట్టాలె కరీముల్లా," అన్నాడు బద్రీనాథ్. "తాజ్‌కు చెప్పు, రేపు ఒక డబ్బా పెట్రోలు తెమ్మను."

*

ఆదివారం పొద్దున సేటు ఇంటి వాకిట్లో అందరూ చేరారు. సేటు ఠాణాకు పోవడానికి కొత్త ధోవతి కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తాజ్ మొహం ఒక్క రాత్రిలో పీక్కుపోయింది. చంద్రకళ చాయ్ ట్రేతో యథాప్రకారం గుమ్మంలో ఉంది.

"ఒక్కొక్కరు బండిని గేటు దాంక తోలి వాపస్ తేవాలె," అన్నాడు బద్రీనాథ్.

ఓదెలు ధీమాగా పోయి కుడివైపు తలుపు తీసి కూర్చున్నాడు. స్టీరింగు కోసం చేతులు చాపాడు. అక్కడ స్టీరింగు ఉంటే కదా! నవ్వులు ఆగాక ఎడమవైపుకు మారాడు. ఇంజను తాజ్ లేపి ఇచ్చాడు. బండి నాలుగు గజాలు కదిలిందో లేదో, ఓదెలు ఎడమకాలు అలవాటు కొద్దీ లేని క్లచ్చి కోసం లేచి, వెడల్పాటి బ్రేకు మీద ధన్ మని పడింది. వెనకసీట్లో కూర్చున్న కరీముల్లా ముందుసీట్లోకి వచ్చి పడ్డాడు.

"గేరు మార్చుదామంటే ఇంకోడు బ్రేకు తొక్కిండు సార్!" అన్నాడు ఓదెలు.

"ఆ ఇంకోడు నువ్వే," అని దింపేశాడు బద్రీనాథ్.

కైలాసం తాళంచెవి తిప్పి స్టార్టరు కోసం వెతికాడు. రేడియో మోగింది, అద్దం దిగింది, సీటు వెనక్కి పోయింది. ఇంజను మాత్రం లేవలేదు. చివరికి చేతులెత్తి దండం పెట్టాడు.

తాజ్ కూర్చున్నాడు. ఆక్సిలరేటరును అడుగుదాకా తొక్కాడు, ఇంజను గుర్రుమని లేచింది. "చూసిన్రా, వీనికొక్కనికే వచ్చు!" అని సేటు గంతేశాడు.

"సేటూ, తాజ్ తొక్కకముందు ఏం చేసిండో చూసిన్రా? పెట్రోలు ముల్లు చూసిండు. మెకానిక్ ఎవడైనా అదే ముందు చూస్తడు. గురువారం పోయిన మనిషి దాని దిక్కే చూడలేదు. మీరు పెట్రోలు గురించి ఎన్నడన్నా చెప్పిన్రా?"

"ఛ, దాని ధర మండిపోతుందని గుక్కెడే పోసిపెడుత. ఆ ముచ్చటెందుకు చుట్టాల ముందు?"

"అదే అసలు సంగతి," అన్నాడు బద్రీనాథ్. "ఆ మనిషికి తొక్కితే ఇంజను లేస్తదని తెలుసు. కప్పు మడవడం తెలుసు. మడిసినంక గుండీలు పెట్టాలని గూడ తెలుసు. తెల్వంది పెట్రోలొక్కటే. అంటే మీ ఉపన్యాసంల ఉన్నదంత తెలుసు, దాంట్ల లేనిది ఒక్కటి తెల్వదు. చివరిదాంక ఎవలింటరు సేటూ దాన్ని? అందరు ఉరుకుతరు. ఉరకడానికి వీలులేని మనిషి ఒక్కరే. ప్రతి చుట్టానికి చాయ్ తెచ్చే మనిషి."

కరీముల్లాకు తన మరకపడ్డ చొక్కా గుర్తొచ్చింది. తన కప్పు ఒలికింది, ఆమె ట్రేలో మాత్రం చుక్క ఒలకలేదు. సేటు చెయ్యి ఎప్పుడు లేస్తుందో ఆమెకు ముందే తెలుసు!

"దొంగెవడన్న షెడ్డుకు మళ్ల తాళమేస్తడా?" బద్రీనాథ్ గుమ్మం వైపు తిరిగాడు. "అమ్మా, మీరేమంటరు?"

చంద్రకళ ట్రే కింద పెట్టి కొంగు నడుముకు దోపింది.

"ఇన్ని దినాలకు నన్ను అడిగినోళ్లు మీరొక్కరే సార్. నేనే తీసుకపోయిన."

"నువ్వా!" సేటు అరుగు మీద కూలబడ్డాడు. "నీకెట్లొచ్చు?"

"మీరే నేర్పిన్రు. రోజూ చెప్పిన్రు గద. స్టీరింగు కింది లివరు ఈ చివర పెడితే నిలబడుతది, ఆ చివర పెడితే ఎనుకకు పోతది, నడుమ పెడితే ముందుకు పోతది. బండి ఇంటికొచ్చిన్నాడు మీ మిరపకాయల షావుకార్లను ఎక్కించుకుంటిరి, వాళ్ల పిల్లలను ఎక్కించుకుంటిరి. నన్ను ఒక్కపారి రమ్మన్నరా? కప్పు తీస్తే గాలి ఎట్ల కొడతదో చూద్దామని పోయిన. ముత్తంగి కాడ ఆగింది. బస్సెక్కి వచ్చిన."

"మరి చెప్పొద్దా!"

"మూడు పార్లు మొదలుపెట్టిన. ఊకో, నీకు తెల్వదంటిరి. పోలీసులొచ్చినంక చెప్దామనుకున్న, వాళ్లన్న అడుగుతరు గద అని." ఆమె తాజ్ వైపు తిరిగింది, గొంతు మెత్తబడింది. "తప్పైంది తమ్మీ. నిన్ను పట్టుకపోతుంటే ఊకుంటుంటినా? జీపుకు అడ్డం పడుతుంటి."

తాజ్ ఏడవబోయి నవ్వాడు, నవ్వబోయి ఏడ్చాడు. తర్వాత వృత్తిధర్మం గుర్తొచ్చి, "అక్కా, మలుపుల కాడ స్పీడు తగ్గించిన్రా?" అని అడిగాడు.

"తగ్గించిన తమ్మీ. బుర్‌బుర్ అనకుండ నడిచింది. ఏం చేసినవ్ బండి!"

కరీముల్లా ఆనందం పట్టలేకపోయాడు. ఈసారీ తన అంచనా పూర్తిగా తప్పింది.

*

సోమవారం పొద్దున ఆ మీగడరంగు బ్యూక్ నిండా పెట్రోలుతో పటాన్‌చెరు ఫ్యాక్టరీ గేటు ముందు ఆగింది. నడిపింది చంద్రకళ. పక్కన ఇస్త్రీ చొక్కాలో తాజ్. వెనక సేటు, బద్రీనాథ్, కరీముల్లా. ముందు రోజు వాకిట్లోనే సేటు తాజ్‌కు రెండు చేతులూ జోడించాడు. అయినా ఫ్యాక్టరీ గేటు దాకా సొంత బండిలో దింపిరావాల్సిందేనని చంద్రకళ పట్టుబట్టింది. కొత్త మెకానిక్ ఇలా దిగడం చూసి మేనేజరే బయటికొచ్చాడు. కూలీలు మూగారు. ఎవరో అడిగారు, "ఏం బండమ్మా ఇది?"

సేటు కండువా సర్దుకుని లేచాడు. "ఇది బ్యూక్..."

"మీరు ఊకోండ్రి, మీకు తెల్వదు," అంది చంద్రకళ. "కాంటీన్ల జెర అందరికి చాయ్ తీసుకరాండ్రి."

సేటు బండి దిగి కాంటీను వైపు వెళ్లాడు. ఆయన ట్రే పట్టుకుని వచ్చేసరికి ఆమె నాలుగు రంధ్రాల దగ్గర్నుంచి మొదలుపెట్టి డైనాఫ్లో దాటేసింది, గుంపులో ఒక్కడూ కదలడం లేదు. సేటు కప్పులు ఫెండరు మీద పెట్టబోయాడు.

"ఇగ దీని గుండెకాయ..." అంది చంద్రకళ.

ఆమె చెయ్యి ఊపకముందే సేటు ట్రేను రెండడుగులు పక్కకు జరిపాడు.