అత్తగారి సాక్ష్యం

షెరీఫ్ ఆఫీసు మనిషి కోర్టు కాగితం చేతికిచ్చి వెళ్ళేసరికి పొయ్యి మీద జామ్ అడుగంటింది. రోవెనా దాన్ని దించడం కూడా మరిచిపోయింది. నెవాడాలో గని పనికి వెళ్ళిన భర్త డార్విన్ అక్కడి కోర్టులో విడాకులు తీసుకున్నాడు. తొమ్మిదేళ్ళ టెస్సీని కూడా తనకే అప్పగించాలని తీర్పు తెచ్చుకున్నాడు. పిల్ల ఏడాదిగా తన దగ్గరే ఉంటోందని ప్రమాణం చేశాడట. నోటీసు కూడా రోవెనా ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటికి పంపించాడు. తామున్న మోంటానా పొలిమేర దాటని పిల్ల... దానికిప్పుడు ఏమని చెప్పాలి?

"మీ ఆయన అక్కడే ఉంటున్నాడు కాబట్టి విడాకుల్ని తిరగతోడలేమమ్మా," అన్నాడు లాయరు. "పిల్ల సంగతి వేరు. కేసుకి ముందు ఆరు నెలలు తనెక్కడుంటే ఆ రాష్ట్రం కోర్టే తేల్చాలి. పిల్ల ఇక్కడే ఉందని బడివాళ్ళు చెప్తారనుకోండి. వాళ్ళ నాన్నమ్మ చెబితే మాత్రం ఇక తిరుగుండదు."

నాన్నమ్మ ఆల్తియా అదే ఊళ్ళో ఉంటుంది. రోవెనా భర్త వెంట నెవాడా వెళ్ళనన్న నాటి నుంచి కోడలితో ఆమెకు మాటల్లేవు. టెస్సీ మాత్రం బడి వదలగానే ఆమె దగ్గరకే పోతుంది. రోవెనా ఆమె గుమ్మంలోనే నిలబడి, కోర్టుకొచ్చి చెప్పమని అడిగింది.

"కన్నకొడుకు మీద నన్ను సాక్ష్యం చెప్పమంటావా?"

"ఆయన్ని ఒక్క మాటా అనొద్దు అత్తయ్యా. పిల్ల ఎక్కడుందో చెప్పండి, చాలు."

ఆల్తియా తలుపు వేసుకుంది.

మోంటానా కోర్టులో విచారణ రోజున ఆల్తియా చర్చికి వేసుకునే నీలం కోటుతో వచ్చింది. బోనెక్కి, కొడుకు ముఖంలోకి చూస్తూనే చెప్పింది.

"రోజూ మూడున్నరకి మా ఇంటికొస్తుంది. రొట్టెకి వెన్న రాసిస్తాను. పోయిన చలికాలం దానికి జ్వరమొస్తే పదిరోజులు నేనూ రోవెనా వంతులేసుకుని కూచున్నాం, మాట్లాడుకోకుండానే. పిల్ల నెవాడా మొహం చూడలేదు జడ్జిగారూ... వాణ్ణి నేను అబద్ధాలాడమని పెంచలేదు. ఒంటరితనం ఆడించింది."

విడాకులు చెల్లుతాయని, పిల్ల విషయంలో నెవాడా తీర్పు చెల్లదని జడ్జి తేల్చాడు. టెస్సీ తల్లి దగ్గరే ఉంటుంది.

డార్విన్, తల్లి పక్కనుంచే తలొంచుకుని వెళ్ళిపోయాడు. మెట్ల దగ్గర ఆమె కాలు తడబడితే రోవెనా పట్టుకుంది.

"ఇక మిమ్మల్ని ఏమని పిలవాలో..."

"కోర్టు విడగొట్టింది మిమ్మల్నిద్దర్నీ. నన్నెవరూ అడగలేదుగా." ఆల్తియా కళ్ళు తుడుచుకుంది. "వాడికి ఫోన్ చెయ్యి. వేసవి సెలవులకి పిల్లని పంపుతానని చెప్పు. నేను చేస్తే ఎత్తడు."

కారులో కూర్చున్నాక రోవెనా నంబరు నొక్కింది. అటునుంచి "ఊఁ, చెప్పు" అన్న గొంతు వినపడగానే, ఫోను ముందుగా అత్తగారి చెవి దగ్గర పెట్టింది.