కంప్లయింటేమీ లేదు

మే పందొమ్మిది. ఆ ఉదయం మేం తిన్నది ఉడకబెట్టిన గుడ్లు, ముందురోజు మిగిలిన బ్రెడ్డు. గుడ్లు ఉడికిన నీళ్లు పారబొయ్యకుండా, చల్లారాక వాటితోనే పళ్లేలు కడిగాం. ఇంట్లో ఉన్న నీళ్లు అవే. పెరట్లో బోరు మోటారు ముందురోజు సాయంత్రం ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

"మెకానిక్‌ని పిలుద్దాంరా," అన్నాను.

"వాళ్లు రేపంటారు. ఆ రేపు వచ్చేలోపు మనం ఎండి వరుగైపోతాం. నేనే వేస్తా నాన్నా. వీడియోలు చూశా."

"వీడియోలు చూసి ఈత నేర్చుకున్నవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు."

"బోర్లోకి దిగేది నేను కాదుగా, మోటారు."

మావాడికి ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం. వాళ్లమ్మ పోయి రెండేళ్లు. అప్పట్నుంచి వాడికి కాలు ఒకచోట నిలవదు. ఫ్యాను విప్పుతాడు, మిక్సీ విప్పుతాడు, బాగానే తిరుగుతున్న గోడగడియారాన్ని కూడా విప్పి మళ్లీ బిగించాడు. ఇంట్లో వాడు ముట్టుకోనిది పెరటి తలుపొక్కటే. అది ఉబ్బిపోయి, వేసినప్పుడల్లా నేలకి గీసుకుని కర్రుమంటుంది. వాళ్లమ్మ మాత్రం గడియ పట్టుకుని కొంచెం పైకెత్తి, పిల్లి నడిచినంత మెత్తగా వేసేది. ఆ తలుపు జోలికి వాడు పోడు, నేనూ పొమ్మనను.

చేతులు ఖాళీగా ఉంటే వాడికి ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. అందుకే మోటారు విషయంలో గట్టిగా వద్దనలేదు. ఇద్దరం కలిసి నల్ల పైపు లాగి, పాత మోటారు బయటికి తీశాం. పెరడంతా పైపు కొండచిలువలా పడుకుంది. నా నడుము ఇంకా నాదేనా అని ఒకసారి తడుముకుని చూసుకుని, వాడి వెనక బండెక్కాను.

పంపుల షాపులో కౌంటర్ వెనక ఒక అమ్మాయి మోటారొకటి విప్పుకుని కూర్చుంది. జుట్టు పైకి చుట్టి అందులో పెన్సిలు గుచ్చింది. ఒక బుగ్గ మీద గ్రీజు.

"వన్ హెచ్.పి. సబ్‌మెర్సిబుల్ కావాలండీ," అన్నాడు మావాడు.

"పెరట్లో బోరుకేనా? రేపు పొద్దున్నే వచ్చి ఫిట్ చేస్తా. అడ్రస్ చెప్పండి."

"ఫిట్టింగ్ అక్కర్లేదు. నేనే వేసుకుంటా."

ఆ అమ్మాయి అప్పుడు తలెత్తింది. "మీరు మెకానిక్కా?"

"ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తా."

"భలే. ఈ ఏడాది మా షాపు టాక్స్ లెక్కలు నేనే వేసుకుంటా అయితే. ఎవరి పని వాళ్లు చేస్తే సరదా ఏముంది?"

"లెక్కలు తప్పితే నోటీసొస్తుందండీ."

"మోటారు తప్పితే అది కూడా రాదు. నీళ్లూ రావు." నా వైపు తిరిగింది. "అంకుల్, మీరైనా చెప్పండి."

"చెప్పానమ్మా. నా మాట వింటే వాడు మావాడెందుకవుతాడు?"

మోటారు, కొత్త తాడు, కేబుల్‌కి చుట్టే టేపు ఒక్కొక్కటే కౌంటర్ మీద పెట్టింది. చివర్న గుప్పెట్లో పట్టేంత ఇత్తడి వాల్వు ఒకటి తీసింది.

"మోటారు ఆపినప్పుడు పైపులో ఉన్న నీళ్లు వెనక్కి జారిపోకుండా ఇది పట్టుకుంటుంది. దీని మీద బాణం గుర్తుంది చూశారా, అది..."

"తెలుసండీ."

ఆ అమ్మాయి వాల్వుని కవర్లో వేసి, ముడి కాస్త ఎక్కువే బిగించింది.

మధ్యాహ్నానికల్లా కొత్త మోటారు బోర్లోకి దిగింది. మావాడు తొందరపడలేదు, దాచకూడదు ఆ మాట. దించేముందు మోటారులో మంచినీళ్లు నింపాలని దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటే, పక్కింటివాళ్లని అడిగి క్యాను తెచ్చి నింపాడు. కేబుల్ జాయింటు పసిపిల్ల వేలికి కట్టు కట్టినట్టు కట్టాడు. స్విచ్ వేశాం. కింద మోటారు తిరుగుతున్న సన్నటి హోరు వినబడింది. ఇద్దరం మొహాలు చూసుకుని నవ్వుకున్నాం.

ట్యాంకులోకి చుక్క రాలేదు.

వాడు మేడ ఎక్కాడు, దిగాడు. పైపుకి చెవి ఆనించాడు. స్విచ్ ఆపి, వేసి, ఆపాడు. మళ్లీ మేడ ఎక్కాడు. "ఇంకాసేపు చూద్దాం నాన్నా, గాలి పట్టి ఉంటుంది," అన్నాడు. సాయంత్రమయ్యేసరికి గాలి మాకు పట్టింది. వాడు మేడ మీద ఉన్నప్పుడు, బిల్లు మీది నెంబరుకి నేనే ఫోన్ చేశాను.

"నీళ్లు రాలేదా అంకుల్?" అంది, పేరైనా చెప్పకముందే.

"ఎలా తెలిసిందమ్మా?"

"వస్తే నాకెందుకు ఫోన్ చేస్తారు? బాగున్నప్పుడు మాకెవ్వరూ చెయ్యరు అంకుల్."

మర్నాడు పొద్దున్నే మూడు కాళ్ల స్టాండు, గొలుసు కప్పీ ఆటోలో వేసుకుని వచ్చింది. భుజాన పనిముట్ల సంచీ. ఆ సంచీ బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. వాళ్ల నాన్నకి మోకాలు పట్టేసినప్పట్నుంచీ ఫిట్టింగ్ పని తనదేనట.

స్విచ్ వేయమంది. పైపు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని విని, ఆపమంది.

"మోటారు బంగారంలా ఉంది. మీరొక మాట చెప్పండి. వాల్వు మీద బాణం ఏ వైపు చూస్తోంది?"

"కిందికి," అన్నాడు మావాడు. "నీళ్లు కిందే కదా ఉన్నాయి."

ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి.

"నవ్వేయండి, పర్లేదు," అన్నాడు వాడు.

నవ్వేసింది. పక్కింటి పిట్టగోడ మీంచి ఎవరో తొంగి చూసేంత గట్టిగా. "బాణం నీళ్లు ఉన్న చోటుకి కాదండీ, వెళ్లాల్సిన చోటుకి చూడాలి. పైకి. మీరు నీళ్ల మొహమ్మీదే తలుపేశారు." ఆగి, గొంతు తగ్గించింది. "నిన్న షాపులోనే చెప్పేదాన్ని. మీరు తెలుసన్నారు. నాకు పౌరుషమొచ్చింది. అందులో సగం తప్పు నాది."

మళ్లీ పైపు బయటికి తీశాం. ఈసారి కప్పీ ఉంది కాబట్టి నా నడుము నాకే మిగిలింది. వాల్వు తిరగేసి బిగిస్తూ, ఆ అమ్మాయి కేబుల్ జాయింటు దగ్గర ఆగింది. బొటనవేలితో రుద్ది చూసింది.

"ఇదెవరేశారు?"

"నేనే. అది కూడా తప్పేనా?"

"నాకంటే బాగా వేశారు. మామూలుగా వేరేవాళ్లు వేసిన జాయింటు ఉంచను, కోసి మళ్లీ వేస్తా." దాన్ని అలాగే పక్కన పెట్టింది. "ఇంత బాగా బిగించింది విప్పబుద్ధి కాదు నాకు."

మావాడి చెవులు ఎర్రబడ్డాయి. మోటారు చేతుల్లోకి ఎత్తుకుని, కింద పెట్టి, మళ్లీ ఎత్తుకున్నాడు.

పైపు దించుతుండగా ఎక్కణ్ణుంచో మబ్బు వచ్చి, చెప్పా పెట్టకుండా కురిసింది. ఆ అమ్మాయి స్విచ్‌బోర్డు మీద సంచీ కప్పి, మమ్మల్ని రేకు కిందికి తోలింది. అది మోటారు స్విచ్ కోసం వేసిన రేకు. కింద ఇద్దరికి చోటుంది, ముగ్గురికి లేదు.

"టీ పెడతాను," అన్నాను.

"నీళ్లేవీ నాన్నా?"

"క్యాన్లో అడుగున ఉన్నాయిలేరా."

టీ పెట్టడానికి అంతసేపు పట్టదు. నాకు పట్టింది. కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా వినబడుతోంది.

"ఇవన్నీ మీరే ఎందుకు చేసుకుంటారు? పిసినారా?"

"ఊరికే కూర్చుంటే ఇల్లు మరీ పెద్దగా అనిపిస్తుంది."

ఆ అమ్మాయి అంది: "మా నాన్న పడక్కుర్చీలోంచి రోజంతా అరుస్తూనే ఉంటాడు. మా ఇల్లెప్పుడూ ఇరుకే. కొన్ని అరుపులు పంపనా?"

మావాడు గట్టిగా నవ్వేశాడు. రెండేళ్లయింది ఆ నవ్వు విని. టీ పొంగి పొయ్యి మీద పడింది. తుడవకుండా అలాగే నిలబడ్డాను.

వాన వెలిశాక స్విచ్ వేశాం. ట్యాంకులో నీళ్లు పడిన చప్పుడు మేడ మీంచి కిందికి వినబడింది. ఆ అమ్మాయి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఇంక పదేళ్లు మీకు నాతో పని పడదు," అంది.

"పదేళ్లా?" అన్నాడు మావాడు.

"బాగా చూసుకుంటే పన్నెండు."

పన్నెండని చెప్పాక తన మొహం కూడా అంత వెలగలేదు. సంచీ భుజానికెత్తుకుని, ఒక పక్కకి ఒరిగి, వెళ్లిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో నీళ్లకి కొదవలేదు, కుదురు మాత్రం లేదు. మావాడు భోజనం మధ్యలో లేచి మోటారు వేసేవాడు. "ఏదో శబ్దం వస్తోంది కదూ నాన్నా?" "రావట్లేదురా." "ధార సన్నబడినట్టు లేదూ?" "నిన్నటి కంటే లావుగా ఉంది." నిరాశగా వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. అన్నం కెలుకుతాడు, తినడు. షాపు వైపు పనేమీ లేకపోయినా ఆ వీధిలోంచే ఆఫీసుకెళ్తున్నాడని పెట్రోలు ఖర్చు చెప్పింది.

ఒక సాయంత్రం పెరట్లోకి వెళ్లేసరికి బోరు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పానా. దాని నోరు పైపు జాయింటుని కరుచుకుని ఉంది.

"ఏంట్రా?"

"చూస్తున్నా."

"పానాతోనా చూసేది?"

వాడు తలెత్తలేదు. "ఒక్క చుట్టు వదులు చేస్తే చాలు నాన్నా. కారుతుంది. పిలవచ్చు."

నేను మెట్టు మీద కూర్చున్నాను. తియ్యమనలేదు, తిప్పమనలేదు. వాడు పానా పిడి అలా పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. నా భయం మోటారు గురించి కాదు.

"వచ్చి చూస్తే తనే సరిగ్గా బిగించలేదేమో అనుకుంటుంది," అన్నాడు చివరికి. పానా తీసి గోడవారకి విసిరేశాడు.

హమ్మయ్య అనుకున్నాను. బయటికి మాత్రం, "బాగున్నప్పుడు వాళ్లకెవ్వరూ ఫోన్ చెయ్యరట. ఆ అమ్మాయే అంది," అన్నాను.

వాడు నా వంక చూశాడు. చేతుల నిండా గ్రీజు. ఫోన్ పిట్టగోడ మీద పెట్టి, చిటికెనవేలితో షాపు నెంబరు కలిపి స్పీకర్ నొక్కాడు. నేను లేవబోయాను. ఉండమన్నట్టు చూశాడు. ఉన్నాను.

"చెప్పండి బాణం గారూ. ఏం పాడైంది?"

"ఏం పాడవలేదు."

"ధార తగ్గిందా?"

"నిండుగా వస్తోంది."

"శబ్దమేమైనా..."

"లేదు. కంప్లయింటేమీ లేదు."

అటువైపు ఏదో ఇనప సామాను నెమ్మదిగా కింద పెట్టిన చప్పుడు.

"మరెందుకు చేశారు?"

"చెడగొట్టి పిలుద్దామనుకున్నా. పానా కూడా పట్టుకున్నా." గోడవార పడున్న పానా వంక చూశాడు. "మీరు బిగించింది విప్పబుద్ధి కాలేదు."

షాపు వెనకే ఇల్లు కాబోలు, పడక్కుర్చీలోంచి వాళ్ల నాన్న అరుపు వినబడింది, "ఎవరే ఫోన్లో?" అని.

"ఇంత గట్టిగా ఎందుకు బిగించానా అని ఆ రోజునుంచీ నన్ను నేనే తిట్టుకుంటున్నా," అంది ఆ అమ్మాయి. తర్వాత మామూలు గొంతుతో, "షాపు కట్టేసి వస్తా. ఆ పానా దూరంగా పెట్టండి."

వీధి తలుపు నేనే తీశాను. ఇస్త్రీ బట్టలు, బుగ్గ మీద గ్రీజు లేదు. ఏదో తేడాగా ఉందనిపించి మళ్లీ చూస్తే, భుజాన సంచీ లేదు. అది లేక నిటారుగా నిలబడింది గానీ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాంట్లో ఒకటి పట్టుకుంది.

"మోటారు ఒకసారి చూసి వెళ్దామని అంకుల్."

"చూడమ్మా. తొందరేం లేదు."

ఇద్దరూ మోటారు వేసి, పెరట్లో పిట్టగోడ మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరంలో కూర్చున్నారు. నేను వంటింట్లో గ్లాసులు కడిగాను. కొళాయి ధార నిండుగా ఉంది. కడిగినవే మళ్లీ కడిగాను. కాసేపటికి మేడ మీంచి ట్యాంకు పొర్లి, నీళ్లు గోడ మీదుగా జలజలా కారుతున్నాయి. పక్కనే కూర్చున్న ఇద్దరికీ వినబడలేదు. వంటింట్లో ఉన్న రెండో స్విచ్‌తో నేనే మోటారు ఆపాను.

ఆ చప్పుడు ఆగాక వాళ్ల మాటలు వినబడటం మొదలైంది. అవి నాకోసం కాదు.

పెరటి తలుపు గడియ రెండు చేతులా పట్టుకుని, కొంచెం పైకెత్తాను. ఇన్నాళ్లూ ఎందుకు అలా చెయ్యలేదో. తలుపు నేలని తాకకుండా, కిక్కురుమనకుండా వచ్చి పడింది. గడియ పెట్టకుండా దగ్గరగా వేసి వదిలేశాను.