జేబులోని గడియ

కాళ్లు చాపుకుని భయం కథ వినాలని సరదా పడుతున్నావు గానీ, నీ ఇంటి పెరటి తలుపు గడియ పడిందో లేదో చూశావా? లేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నావు. రాయిస్ కూడా నీలాంటివాడే. కాకపోతే తన కక్కుర్తిని తెలివి అనుకునేవాడు.

ఫ్లోరిడాలో ఇళ్ల ఈతకొలనుల చుట్టూ అల్యూమినియం చట్రాలు నిలబెట్టి జాలీ బిగించడం అతని పని. పిల్లలు నీళ్లలోకి పోకుండా తలుపు దానంతట అదే మూసుకోవాలి, గడియ పెద్దవాళ్ల ఛాతీ ఎత్తున పడాలి. అది అక్కడి చట్టం. రాయిస్ దగ్గర మంచి స్ప్రింగులు ఒక్క జత, మంచి గడియ ఒక్కటి ఉండేవి. తనిఖీ అధికారి వచ్చేముందు బిగించేవాడు. ఆయన కారు మలుపు తిరగగానే విప్పి జేబులో వేసుకుని, నాసిరకానివి తగిలించేవాడు. పదకొండేళ్లపాటు ఆ ఒక్క గడియే ఊరంతా తిరిగింది.

కిందటి వేసవిలో డెలోరిస్ అనే పెద్దావిడ ఇంట్లో అతను బిగించిన తలుపు మూసుకోలేదు. మూడేళ్ల మనవరాలు పోసీ నీళ్లలో తేలింది. పరామర్శకు వెళ్లి రాయిస్ ఆవిడతో అన్న మాట ఇది: "తలుపు వేసుకోవడం కూడా నేనే నేర్పాలా అమ్మా?"

తప్పు తనదేనని నమ్మి ఆవిడ మంచం పట్టింది. ఇతను మాత్రం ఆ సాయంత్రం చేపల వేపుడు తిన్నాడు.

ఈ జులైలో ఇంకో కొత్త ఇల్లు. కొలనులో ఇంకా నీళ్లు నింపలేదు. మధ్యాహ్నం తనిఖీ అయిపోయింది. ఆకాశం నల్లబడుతోంది. రాయిస్ స్క్రూడ్రైవర్ తీయగానే, అతని దగ్గర పనిచేసే ముసలి ఎల్వుడ్ అడ్డు నిలబడ్డాడు.

"ఈసారికి వదిలెయ్ బాస్. ఈ ఇంట్లో కవలలున్నారట."

"అయితే ఒకరైనా మిగులుతారులే."

ఎల్వుడ్ టోపీ తీసి నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు.

రాయిస్ నవ్వుకుంటూ స్ప్రింగులూ గడియా విప్పి జేబులో వేసుకున్నాడు. పనిముట్ల సంచి కోసం జాలీ లోపలికి నడిచాడు.

గాలి ఆగిపోయింది. కప్పల అరుపు ఆగిపోయింది. ఎక్కడినుంచో ఈతకొలనులో కలిపే క్లోరిన్ వాసన... చుక్క నీరు లేని చోట. వెనకాల గచ్చు మీద చిన్న చప్పుడు. తడి పాదాల చప్పుడు. ఒక అడుగు... ఇంకో అడుగు...

అతను తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మోకాలి ఎత్తున జాలీ కొంచెం ఉబ్బింది, లోపలినుంచి ఎవరో అరచెయ్యి ఆనించినట్టు.

"తలుపు వెయ్యనా?"

గుసగుస. ముద్దుముద్దుగా.

పరిగెత్తాడు. స్ప్రింగు లేని తలుపు మెల్లగా కదిలింది... మూసుకుంది. టక్‌మంది.

జేబు తడుముకున్నాడు. స్ప్రింగులున్నాయి. గడియ లేదు. జేబు నిండా తడి.

మర్నాడు పొద్దున టోపీ కోసం వచ్చిన ఎల్వుడ్‌కు రాయిస్ కొలను అడుగున బోర్లా కనిపించాడు. ముందురోజు మబ్బు ఒక్క చినుకు కూడా రాల్చలేదు. కొలను ఎండిపోయి ఉంది. అయినా మునిగి చనిపోయాడనే డాక్టర్లు రాశారు. ఊపిరితిత్తుల నిండా క్లోరిన్ వాసన కొట్టే నీళ్లు. జాలీ మీద లోపలివైపు గోళ్ల గీతలున్నాయి గానీ, ఒక్క పోగూ తెగలేదు.

పదకొండేళ్లు జేబులో దాచుకున్న గడియకు అతను చివరికి చెల్లించుకున్న వెల అది. ఆ గడియ ఇప్పుడు తలుపుకే ఉంది, నాలుగు స్క్రూలతో గట్టిగా. ఛాతీ ఎత్తున కాదు, ఎల్వుడ్ మోకాలి ఎత్తున.