గౌను అంచులో ముడి

పొద్దున్న తొమ్మిది కొట్టేసరికి ఒక చేత్తో కూతుర్నీ, ఇంకో చేత్తో గుడ్డల సంచినీ లాక్కుంటూ చిట్టి పుట్టింటి మెట్లెక్కడం రెండేళ్లుగా తప్పని తంతు. ముప్పై అయిదేళ్లు వచ్చినా ఆమె ఆ ఇంటికి చిట్టే. ఆమె కూతురికి ఏడేళ్లు. నిద్రలో తప్ప నోరు మూయదు కాబట్టి పిచ్చుక అని పేరు పడిపోయింది. బడి మధ్యాహ్నం పూట, పొద్దునంతా అమ్మమ్మ ఇంట్లోనే.

ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని వెనక చిట్టి తల్లి. వీధిలో అందరికీ ఆవిడ గౌన్లమ్మ. ఆడపిల్లల గౌన్లూ, బడి నాటకాలకి వేషాలూ తప్ప ఇంకేమీ కుట్టదు. ఒకసారి ఒక పెద్దావిడ వచ్చి తనకీ ఏదైనా కుట్టిపెట్టమంటే, ఎగాదిగా చూసి, "మీకు పదేళ్లు దాటినట్టున్నాయి కదమ్మా" అని పంపించేసింది.

గదికి ఆ మూల వాలుకుర్చీ. అందులో పేపరు, పేపరు వెనక చిట్టి తండ్రి. ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి, కట్టలు కట్టి రిటైరైన మనిషి. చిట్టి ఆఫీసు ఉద్యోగం మానేసి అమ్మ కుట్టిన గౌన్లు అమ్ముతానన్న రోజున ఆయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. గౌన్లు నమ్ముకుని ఎవరైనా ఉద్యోగం వదులుకుంటారా అన్నాడు. "మీకు మా పనంటే ఎప్పుడూ చులకనే" అని చిట్టి కూడా అరిచింది. అంతే, ఆ రోజు నుంచి తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. కావలసిన మాటలన్నీ పిచ్చుక మోసుకుపోతుంది.

"పిచ్చుకా, తాతయ్యని కుర్చీ కొంచెం జరపమను. గుడ్డ పరచాలి."

"తాతయ్యా, కుర్చీ జరపాలంట!"

"జరిపానని చెప్పు."

"జరిపాడంట!"

రెండడుగుల దూరానికి ఇంత టపా అవసరమా అని గౌన్లమ్మ నిట్టూరుస్తుంది. ఎవరూ పట్టించుకోరు.

ఆ వారమంతా ఇంట్లో పక్షులే. బడిలో శనివారం నాటకం. పన్నెండు మంది ఆడపిల్లలకి పన్నెండు పక్షి వేషాలు కావాలి. హెడ్‌మిస్ట్రెస్ వచ్చి మరీ చెప్పింది. "బజారులో కొన్నవి పిల్లలకి గుచ్చుకుంటున్నాయమ్మా. మీ అమ్మగారి చేతికుట్టయితేనే ఇవ్వండి." చిట్టి అమ్మే ప్రతి గౌను మెడ వెనకా చిన్న పట్టీ ఉంటుంది, 'అమ్మ చేతికుట్టు' అని. ఆ రెండు మాటలు నమ్ముకునే జనం వస్తున్నారు. ఆ రెండు మాటలు నమ్ముకునే చిట్టి ఉద్యోగం వదిలింది.

సోమవారం నాడు పోయినేడు అమ్మిన పసుపుపచ్చ గౌను ఒకటి తిరిగొచ్చింది. పిల్ల పొడుగైందట, అంచు దించాలి. గౌన్లమ్మ ప్రతి గౌనుకీ అడుగున నాలుగు వేళ్ల వెడల్పు మడత వదులుతుంది, పిల్ల ఎదిగినకొద్దీ విప్పుకోవడానికి. చిట్టి చిన్న కత్తెర తీసుకుని కుట్లు విప్పడానికి కూర్చుంది. రెండు కుట్లు విప్పి ఆగిపోయింది.

అమ్మ కుట్టు చిట్టికి చిన్నప్పటి నుంచీ తెలుసు. చేత్తో కుట్టిన కుట్లన్నీ గాలికి వంగిన గడ్డిలా ఒకవైపుకే వాలి ఉంటాయి. ఇవి దానికి ఎదురుగా వాలి ఉన్నాయి. పోనీ అనుకుందామంటే, చివర ముడి కూడా ఉంది. గౌన్లమ్మ ముడి వెయ్యదు. ముడి పిల్ల మోకాలికి ఒరుసుకుంటుందని మూడు వెనక కుట్లు వేసి తెంచేస్తుంది. ఇక్కడ మాత్రం రెండు చుట్లు చుట్టి, మధ్యలోంచి దూర్చి, మడత లోపలికి దాచేసిన నువ్వుగింజంత ముడి ఉంది.

"అమ్మా, ఈ గౌను అంచు కుట్టింది నువ్వేనా?"

"కాక పక్కింటి పిల్లి కుట్టిందా?" అంది గౌన్లమ్మ తలెత్తకుండా. అని, రెండు చేతులూ ఒళ్లోని గుడ్డ కిందకి లాక్కుంది.

ఇంకొకరైతే ఊరుకునేవారు. చిట్టికి చిన్నప్పటి నుంచీ ఏ బొమ్మ లోపల ఏముందో విప్పి చూసేదాకా నిద్ర పట్టదు. బీరువాలో అమ్మకానికి ఉన్న గౌన్లు ఒక్కొక్కటీ తీసి అంచులు తిప్పి చూసింది. అన్నీ ఎదురు కుట్లే, అన్నిట్లోనూ అదే ముడి. మిషను కుట్టు మాత్రం అమ్మదే, కత్తిరింపూ అమ్మదే. చేతికుట్టు ఒక్కటే ఎవరిదో.

సందు చివర ఇస్త్రీ బండి ఆవిడ మీద అనుమానం వచ్చింది. ఈ ఇంటికి గుడ్డలతో వచ్చిపోయేది ఆవిడే. అడిగితే ఆవిడ నవ్వి, "నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు తల్లీ. మా ఆయన గుండీలు ఊడిపోతే పిన్నీసు పెట్టి పంపిస్తా" అంది. నిజమే, ఆ పక్కనే కూర్చున్న ఆయన చొక్కాకి రెండు పిన్నీసులు మెరుస్తున్నాయి.

బుధవారం సాయంత్రం చిట్టి ఒక ఎత్తు వేసింది. గుడ్లగూబ తోకలు రెండు, అంచులు కుట్టనివి, బల్ల మీద పెట్టి మూలల్లో గుర్తుకి సుద్దతో సన్నని గీత గీసి వెళ్లింది. గురువారం పొద్దున్న వచ్చి చూస్తే తోకలు రెండూ తయారు. అదే ఎదురు కుట్టు, అదే ముడి. అంటే తను సాయంత్రం వెళ్లాక, పొద్దున్న వచ్చేలోపు ఎవరో కుడుతున్నారు. అమ్మకి తెలిసే కుడుతున్నారు. అమ్మ తనతో అబద్ధమాడుతోంది. అంతవరకూ సరదాగా ఉన్న వెతుకులాట అక్కడ ఒక్కసారిగా చేదైపోయింది.

"అమ్మా, ఇంక దాచకు. ఎవరికిస్తున్నావు ఈ కుట్టు?"

"ఎవరికీ ఇవ్వట్లేదు."

"మరి ఇదేంటి? నీ కుట్టు నాకు తెలీదా? శనివారం పన్నెండు మంది పిల్లల మెడ వెనక నీ పేరు ఉంటుంది. అది అబద్ధమైతే నేనేమని చెప్పుకోను? నీ చేతికుట్టు అనే కదమ్మా రెండేళ్లుగా అందరికీ చెప్పి అమ్ముతున్నాను!"

గౌన్లమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. "నన్ను అడక్కే. నీకు దణ్ణం పెడతాను, నన్ను అడక్కు."

పేపరు వెనక నుంచి గొంతు వచ్చింది. "పిచ్చుకా, మీ అమ్మని గొంతు తగ్గించమను. మీ అమ్మమ్మ ఏడుస్తోంది."

"ఎందుకు తగ్గించాలి?" చిట్టి కోపం అటు తిరిగింది. "పిచ్చుకా, మీ తాతయ్యకి చెప్పు. ఈ గౌన్లంటే ఆయనకి మొదటి నుంచీ గిట్టదు. ఇది మూతపడితే ఆయనకి పండగ. ఆయన్ని మధ్యలో రావద్దను!"

పిచ్చుక నోరు తెరిచి, ఎటు తిరగాలో తెలీక మళ్లీ మూసేసింది. పేపరు నెమ్మదిగా దిగింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీలో ఉంచి, ఎవరినీ చూడకుండా పెరటి వరండాలోకి వెళ్లిపోయాడు. గౌన్లమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. గదిలో తల్లీకూతుళ్లు ఇద్దరే మిగిలారు.

"నాకు తెలుసు ఎవరు కుడుతున్నారో" అంది పిచ్చుక మెల్లగా. ఈ పిల్ల మెల్లగా మాట్లాడటం చిట్టి అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"ఎవరు?"

"చెప్పకూడదు. ఇక్కడ పడుకున్నరోజు పొద్దున్నే లేచి చూసేశాను. చూసినా చెప్పకూడదంట. ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పకూడదంట."

ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పకూడదు. ఆ మాట చిట్టి తన ఏడో ఏట విన్నది, ఈ ఇంట్లోనే, ఒకే ఒక్కరి నోట. ఆమె కళ్లు గది నాలుగు మూలలా తిరిగి గుమ్మం పక్కన ఆగాయి. అక్కడ పాత పేపర్ల కట్ట ఉంది. తండ్రి వారానికోసారి పురికొసతో బిగించి పెట్టే కట్ట. రోజూ దాన్ని దాటుకునే లోపలికి వస్తుంది. ఇప్పుడు దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని చూసింది. రెండు చుట్లు చుట్టి, మధ్యలోంచి దూర్చి, లోపలికి దాచిన ముడి.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

పెరటి వరండాలో పీట మీద ఆయన గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. మోకాళ్ల మీద నల్లటి కాకి రెక్క, పిచ్చుక వేసుకోబోయే వేషానిది. పిచ్చుక కాకి వేషం వెయ్యడమేమిటని వారంరోజులుగా ఇంట్లో అందరూ ఏడిపిస్తున్న రెక్క. ఆయన ఎడమచేతిలో సూది ఉంది. అన్నం తినేటప్పుడు తప్ప ఆయన ఏ పనికైనా ఎడమచెయ్యే ముందుకొస్తుందని చిట్టికి తెలుసు. తెలిసి ఏం లాభం, రెండేళ్లుగా ఆమె ఆయన చేతుల్ని చూడలేదు, పేపరునే చూసింది. సూది ఎడమ నుంచి కుడికి నడుస్తోంది. కుట్లు ఎదురుగా వాలుతున్నాయి.

అలికిడికి ఆయన తల తిప్పాడు. రెక్క దాచబోయి, దాచేందుకు చోటులేక అలాగే పట్టుకున్నాడు.

"పిచ్చుకా, మీ అమ్మని..." అని ఆగిపోయాడు. అక్కడ పిచ్చుక లేదు. "కూర్చో" అన్నాడు.

చిట్టి గడప మీదే కూలబడింది. "ఎక్కడ నేర్చుకున్నారు నాన్నా ఇది?"

"కొత్తగా నేర్చుకునేదేముంది? పోస్టు సంచులు చిరిగితే ఎవరు కుడతారనుకున్నావు? గోతాం కుట్టేవాడికి గౌనెంత. సూది చిన్నది, అంతే తేడా." సూదిని రెక్కకి గుచ్చి అన్నాడు. "మీ అమ్మ నేర్పింది. ఒక నెల తిట్టి తిట్టి నేర్పింది."

"ఎందుకు?"

జవాబు వెనక నుంచి వచ్చింది. గౌన్లమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ముందుకు చాపింది. వేళ్లు వణుకుతున్నాయి. ఆపాలని బిగబట్టినకొద్దీ ఇంకా వణుకుతున్నాయి. "గుడ్డ మీద అరచేయి ఆనించి మిషను కుట్టగలను, కత్తెర రెండు చేతుల్తో పట్టుకుంటే నడుస్తుంది. సూదే నా మాట వినదు. డాక్టరు వయసుతో వచ్చిందే, తగ్గదు, భయం లేదన్నాడు. నీకు చెబితే మిషను మూలన పెట్టిస్తావు. కుట్టకుండా నేనేం చెయ్యనే?"

"ఎప్పటి నుంచమ్మా?"

గౌన్లమ్మ మొగుడి వంక చూసింది. ఆయన రెక్క వంక చూశాడు.

ఈ ఇంట్లో మనుషులు చెప్పకపోతే గౌన్లు చెబుతాయి. చిట్టి లేచి ముందుగదిలోకి నడిచింది. గోడ మీద కొక్కేనికి తెల్ల గౌను ఒకటి వేలాడుతోంది, నీలం గుండీలది. ఉద్యోగం మానేసిన వారంలోనే తయారైన మొట్టమొదటి గౌను. దాన్ని ఫొటో తీసి నలుగురికీ పంపితేనే ఈ పని మొదలైంది. శకునం మంచిదని అమ్మకుండా దాచుకుంది. దాని అంచు తిప్పింది.

కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకచోట సూది గుచ్చుకున్న చిన్న గోధుమరంగు మరక. అన్నీ ఎదురుగానే వాలి ఉన్నాయి. చివర ముడి ఉంది.

గౌను పట్టుకుని వెనక్కి వచ్చేసరికి ఆమె కళ్ల నిండా నీళ్లు. "మొదటిది కూడా మీరేనా? అంత అరిచి, అదే వారంలో..."

"అరవక ఏం చెయ్యను?" అన్నాడాయన. "మీ అమ్మ చేతులు వణుకుతున్నాయని అప్పటికి నాకొక్కడికే తెలుసు. నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఆ చేతుల్నే నమ్ముకుని నువ్వు ఉద్యోగం మానేస్తానంటే నాకు గుండె ఆగినంత పనైంది. అసలు మాట చెప్పలేక ఏదో మాట అనేశాను. ఏమైతేనేం, నువ్వు మానేసి వచ్చావు. రెండోరోజు ఇది తెల్లగౌను ఒళ్లో పెట్టుకుని సూది కింద పడేసుకుంటోంది. ఏడుసార్లు తీసిచ్చాను. ఎనిమిదోసారి నేనే పట్టుకున్నాను."

"ముడి వెయ్యొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను" అంది గౌన్లమ్మ ఏడుస్తూనే. "వినరే! ఊడిపోతే చిట్టి పేరు పోతుంది అంటారు. పోనీ పిల్లలకి ఒరుసుకోకుండా లోపలికి దాచమంటే అదొక్కటీ విన్నారు."

రెండేళ్లు. ఈ మనిషి తన పనిని చీదరించుకుంటున్నాడని తను ముఖం తిప్పుకున్న రెండేళ్లూ, ప్రతి పొద్దున్నా ఆ పని ఆయన చేతుల్లోనే జరిగింది. చిట్టి వచ్చి తండ్రి మోకాలి మీద, కాకి రెక్క పక్కనే తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన సూది ఆమెకి తగలకుండా చెయ్యి దూరంగా ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో తల నిమిరాడు.

"ఇప్పుడు చెప్పొచ్చా?" అని పిచ్చుక గుమ్మంలోంచి అడిగింది. "తాతయ్యే కుడతాడు!"

శుక్రవారం చిట్టి హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది, వద్దంటే వద్దనండి అని కూడా చెప్పింది. ఆవిడ అంతా విని, "మా పిల్లల బ్యాగుల జిప్పులు కూడా ఊడిపోతున్నాయి, మీ నాన్నగారికి కుదురుతుందా?" అంది. ఆ సాయంత్రం వరండాలో నలుగురూ కూర్చుని పన్నెండు వేషాలూ ముగించారు. గౌన్లమ్మ సుద్దతో గీతలు గీసింది. గీత వణికితే ఆయన వణికిన గీత మీదే కుట్టుకుపోయాడు. పిచ్చుక సూదుల్లో దారాలు ఎక్కించింది, మాట్లాడుతూనే.

మెడ పట్టీలు మాత్రం మారాయి. 'అమ్మానాన్నల చేతికుట్టు' అని చిట్టి కొత్తవి రాయించింది. "నా పేరెందుకే, నవ్వుతారు" అని ఆయన గొణిగాడు కానీ పట్టీని మూడుసార్లు చదువుకోవడం అందరూ చూశారు.

మొదటి పట్టీ చిట్టి తనే కుట్టింది, గోడ మీది తెల్లగౌనుకి. చివర మూడు వెనక కుట్లు వెయ్యలేదు. రెండు చుట్లు చుట్టి, మధ్యలోంచి దూర్చి లాగి, తండ్రి చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, ముడిని బొటనవేలి గోటితో అటూ ఇటూ కదిపి చూశాడు.

"వదులుగా ఉంది చిట్టీ. మళ్లీ వెయ్యి" అన్నాడు.

చిట్టి ముడి విప్పి, ఆయన పక్కకి ఇంకొంచెం జరిగి, మళ్లీ మొదలుపెట్టింది.