బాగున్న దాన్ని విప్పాలి

"బాగున్న మిషన్ జోలికి మాత్రం వెళ్ళకండి. చేతులు విరగ్గొడతానని అనను గానీ, దాదాపు అంతే!" అన్నాడు ప్రూఫ్ రీడర్.

చూపులేని పిల్లల బడిలో ప్రెస్సు గది అది. అతనికీ చూపు లేదు. పిల్లల పుస్తకాలన్నీ అతని వేళ్ళ కింద నుంచే బయటికి వెళ్ళాలి. గోడ పక్కన రెండు బ్రెయిలీ ప్రింటర్లు. ఒకటి పనిచేస్తోంది. రెండోది స్విచ్ వేస్తే టిక్ టిక్ అంటుంది తప్ప లేవదు. సోమవారం నుంచి పరీక్షలు. ఒక్క మిషనే నడిస్తే సగం మందికే ప్రశ్నపత్రాలు అందుతాయి.

రిపేరుకొచ్చిన అమ్మాయి రెండు రోజులుగా ఒక చిన్న చిప్ ముందు కూర్చుంది. బోర్డుకు కరెంటు అందించేది అదే. దాని నెత్తిన ఉండాల్సిన నంబరును, ఎవరూ కాపీ కొట్టకుండా తయారుచేసినవాళ్ళే గీకేశారు. నంబరుంటే డేటాషీట్ దొరికేది. చిప్‌కుండే లోహపు కాళ్ళలో ఏ కాలు దగ్గర ఎన్ని వోల్టులుండాలో అందులో ఉంటుంది. కంపెనీని అడుగుదామంటే అది ఎప్పుడో మూతపడింది.

"ఇక ఒకటే దారి సార్. బాగున్న దాన్ని విప్పి, అది నడుస్తుండగా ఒక్కో కాలూ కొలవాలి. దాంతో దీన్ని పోల్చాలి."

"నడుస్తుండగానా? మీ చెయ్యి జారితే?"

"అదీ పోతుంది." అబద్ధమాడటం ఆమెకు చేతకాదు.

"బాగుంది! రెంటికీ చెడ్డ రేవడినవుతాను." అతని గొంతు తగ్గింది. "నా పరీక్షకి పేపరు ఎవరో చదివి వినిపించారండీ. రెండు ప్రశ్నలు దాటేశారు. నాకు ఏడాది పోయింది. ఈ పిల్లలు వాళ్ళ పేపరు వాళ్ళ వేళ్ళతోనే చదువుకోవాలి. ఉన్న ఒక్కదాన్నీ పణం పెట్టలేను."

ఆమె చెడిన మిషన్ స్క్రూ ఒకటి విప్పబోయి ఆగిపోయింది.

"అలిగారా?"

"లేదండీ."

"మరి పని ఆపేసి నన్నెందుకు చూస్తున్నారు?"

ఆమె చెవులు వేడెక్కాయి. "మీకెలా..."

"స్క్రూడ్రైవర్ చప్పుడు ఆగింది. మీ ఊపిరి ఇటు తిరిగింది."

రెండు రోజులుగా చూస్తూనే ఉంది మరి. ఎవరైనా తన వైపు చూస్తే తల దించుకునే మనిషికి, దించుకోనక్కర్లేని ముఖం ఒకటి దొరికింది. దొంగతనంలా అనిపించినా మానలేకపోయింది.

సాయంత్రం వానలో తడిసి ఇల్లు చేరింది. ఇల్లంటే ఒక గది. బల్ల నిండా ఎవరెవరివో వస్తువులు. ఆమె ఫోనుకు వచ్చే మాటలు రెండే: "అయిందా?", "ఎప్పుడవుతుంది?" బాగయ్యాక ఎవరూ ఫోన్ చెయ్యరు. వోల్టులు కొలిచే మీటరు పుల్లలు రెండూ ఒకదానికొకటి తగిలిస్తే కుయ్‌మంటుంది. కొన్ని రోజులు ఆ గదిలో ఆమెకు బదులు పలికేది అదొక్కటే.

తెల్లారి ఫోన్ మోగింది.

"టిఫిన్ తిన్నారా?"

ఆమె ఫోన్ చెవి నుంచి తీసి నంబరు చూసుకుంది. అతనిదే.

"హలో? పోయారా, ఉన్నారా?"

"ఉన్నాను. తినలేదు."

"తినేసి రండి. నిన్న రెండు మిషన్లనీ ఆన్ చేస్తూ, ఆపుతూ విన్నాను. బాగున్నది కూడా మొదట ఒకసారి టిక్ అంటుంది. తర్వాత నడుస్తుంది. చెడిందేమో ఆ టిక్ దగ్గరే మళ్ళీ మళ్ళీ మొదలవుతోంది. అంటే లేవడం వచ్చు, నిలబడటం రాదు. కాదంటారా?"

ఆమె కుర్చీలోంచి లేచింది. "అయితే చిప్ పోలేదేమో! దానికే తిండి, అంటే కరెంటు, సరిగ్గా అందట్లేదేమో. కానీ కొలవకుండా చెప్పలేను."

"కొలవండి. బాగున్నది విప్పండి."

"భయం లేదా?"

"బోలెడుంది. కానీ రెండు రోజులుగా మీ చేతుల్ని వింటున్నాను. అవి తొందరపడవు."

ప్రెస్సు గదిలో బాగున్న దాన్ని విప్పి, ఆమె కొలుస్తూ అంకెలు చెప్పింది. అతను బ్రెయిలీ పలక మీద సూదితో పొడుస్తూ రాసుకున్నాడు. మూడో కాలు దగ్గరుండగా బయట ఉరిమింది. ఎగిరిపడింది అతనే, ఆమె చెయ్యి కదల్లేదు.

"మూడోది పద్నాలుగు వోల్టులు. నిలకడగా ఉంది."

చెడిన దాంట్లో అదే కాలు పద్నాలుగు దాకా ఎక్కి, టిక్‌మని తొమ్మిదికి పడిపోయి, మళ్ళీ ఎక్కుతోంది. ఆ కాలి నుంచి దారి పట్టుకుని వెళితే చింతగింజంత కెపాసిటర్ ఒకటి కనబడింది. పక్కనున్న వేడికి ఏళ్ళ తరబడి ఎండి, చిప్‌కు ఇవ్వాల్సిన కరెంటును నిలవ ఉంచలేకపోతోంది. దాన్ని మార్చింది. స్విచ్ వేసింది.

టిక్.

ఇద్దరూ రెండో టిక్ కోసం ఊపిరి బిగబట్టారు. అది రాలేదు. మిషన్ గుర్రుమంటూ లేచి కాగితం మీద చుక్కలు పొడవడం మొదలుపెట్టింది. అతను మొదటి కాగితం అందుకుని, చివరి వరుస దాకా వేళ్ళతో చదివాడు. "ఒక్క ప్రశ్న కూడా పోలేదు," అన్నాడు.

ఆమె సామాను సర్దుకుంటోంది. ఎంత నెమ్మదిగా సర్దినా అయిపోయేంత సామానే.

"ఇది మళ్ళీ చెడిపోతుందా?"

"చెడదండీ."

"కొంచెం కూడా?"

"నా పని అలా ఉండదు." కాస్త రోషంగానే అంది.

"అదే నా దిగులు. ఇక మీరు రావడానికి సాకు నేనే వెతుక్కోవాలి." అతను కాగితం అంచులు సరిచేస్తూ అన్నాడు, "నాకు సాకులు వెతకడం రాదు. ఏ సాకూ లేకుండా రేపు రమ్మంటే... వస్తారా?"

ఆమె తల ఊపింది. అతను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆ ఊపు అతనికి చేరదని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఏ తల ఊపులతో, తల దించుకోవడాలతో గడిపేసిందో, అవేవీ ఇక్కడ చెల్లవు.

గొంతు సవరించుకుని, వాన చప్పుడును మించి వినబడేలా చెప్పింది.

"వస్తాను."