బుడంకాయ నేర్చుకున్నది

2086 నాటికి విశాఖ చుట్టుపక్కల నీటిగోడ లేని ఇల్లు లేదు. చూడటానికి గోడంత తొట్టి, తాకితే తడి అంటని నీరు. వేళ్ళు లోపలికి పోనిస్తే చల్లదనం తెలుస్తుంది. లోపలి ప్రాణులు వేళ్ళను చుట్టుకుంటే ఆ మెత్తదనమూ తెలుస్తుంది. ఆ గోడల్లో జనం ఆడే ఆట పేరు సప్తసంద్రం. అందులో నాలుగు వందల పన్నెండు రకాల సముద్రప్రాణులు. వాటిని పట్టుకోవాలి, పెంచాలి, పోటీలకు దింపాలి, ఇరుగుపొరుగుతో మార్చుకోవాలి. పిల్లలూ పెద్దలూ అని లేదు, ఊరు ఊరంతా దాని మాయలోనే ఉండేది.

భీమిలిలో ఉండే నూకరత్నానికి మాత్రం ఆ గోడంటే ఒళ్ళుమంట. ఆమె భర్త చిన్నంనాయుడు సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారంలో పనిచేసేవాడు. ఇంటికి రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా గోడ ముందు చతికిలబడేవాడు. పోనీ ఆటలో గొప్పవాడా అంటే అదీ లేదు. ఇన్నేళ్ళకూ అతను పట్టుకున్నది ఒకే ఒక్క ప్రాణిని. తళుకుగొడుగు అనే జాతి, జెల్లీఫిష్ లాంటిది. అరచేతంత గొడుగు, కింద పదహారు తంతువులు, లోపల నీలం వెలుగు. పోటీలకు పనికిరాదు, మార్పిడికి ఎవరూ అడగరు. దానికి బుడంకాయ అని పేరు పెట్టుకుని పదిహేనేళ్ళు సాకాడు. పిల్లలు లేని ఇంట్లో ఆ మురిపెం చూసి నూకరత్నానికి కడుపు రగిలిపోయేది. నోరు ఊరుకునేది కాదు.

ఆ ఏడు వైశాఖంలో, పని నుంచి వస్తూ, బస్సులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు చిన్నంనాయుడు.

కర్మకాండలు ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, ఆ గోడను పీకించేద్దామని దాని ముందు నిలబడింది నూకరత్నం. ఏడ్చి ఏడ్చి గొంతు పూర్తిగా పోయి, మాట పెగలని రోజులవి. ఎందుకో గోడ పక్కనున్న మేత ముక్కలు పట్టుకుని వేళ్ళు లోపల పెట్టింది. బుడంకాయ వచ్చింది. ముక్కలు ఒక్కొక్కటే అందుకుని తిని, ఆఖరి ముక్క దగ్గర ఆగిపోయింది. ముట్టుకోకుండా ఆమె వేళ్ళ చుట్టూ తిరుగుతూ ఎదురుచూసింది.

నూకరత్నం పోల్చుకుంది. అది చిన్నంనాయుడి చేష్ట. ఆఖరి మిరపకాయ బజ్జీని ఆమెకు ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాక్కునేవాడు. ఆమె కసిరితే నవ్వి నోట్లో పెట్టేవాడు. దీన్నీ అలాగే ఏడిపించి ఉంటాడు. మనిషి కాటికి పోయినా మనిషి అల్లరి ఈ నీళ్ళలో మిగిలి ఉందనుకుంది. అప్పట్నుంచి ఆమె గోడను వదిలితే ఒట్టు. రోజూ మేత పెట్టేది. గొంతు తిరిగొచ్చాక మెల్లగా కబుర్లు చెప్పడమూ మొదలుపెట్టింది.

పదకొండో నెలలో ఒకరోజు బుడంకాయ ఆఖరి ముక్కను ఆగకుండా గుటుక్కున మింగేసింది. మర్నాడూ అంతే. వారం రోజులు చూసి, నూకరత్నం ఆ ఆట తయారైన పరిశోధనశాలకు బయలుదేరింది.

తళుకుగొడుగును సృష్టించిన డాక్టర్ ఎస్తేరురాణి ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. జెల్లీఫిష్‌కు మెదడంటూ ఉండదని, ఒళ్ళంతా అల్లుకున్న నరాలతోనే అది నేర్చుకుంటుందని చెప్పింది. ఆ పద్ధతిలోనే కంప్యూటర్‌లో తాను ఒక నాడీవల అల్లిందట. పెంచేవాళ్ళ ప్రతి అలవాటూ ఆ వలలో ఒక ముడిగా పడుతుంది. ముడులకు చోటు కొంచెమే కనుక కొత్తవి పడుతూంటే పాతవి విడిపోతూంటాయి.

"అంటే నేనే సెరిపేసానా అమ్మా?"

ఎస్తేరురాణి తడబడింది. "మీరు ప్రేమగా చూసుకున్నారు. అది మిమ్మల్ని నేర్చుకుంది."

"నన్ను నేర్సుకుంటే ఏటి లాభం? నాకు నేనెందుకమ్మా?"

ఒక దారి ఉంది. చిన్నంనాయుడు పోయిన రోజు నాటి నాడీవల నకలు ఒకటి పరిశోధనశాలలో భద్రంగా ఉంది. కానీ ఆటగాళ్ళు దొంగ నకళ్ళు చేసి మార్పిడి చేయకుండా పెట్టిన నియమం ఒకటుంది. ఏ ప్రాణీ రెండుగా ఉండకూడదు. పాతది రావాలంటే ఇప్పుడున్నది శాశ్వతంగా చెరిగిపోవాలి. ఇంటికెళ్ళి నాలుగు రోజులు ఆలోచించుకోమంది డాక్టర్. ఎంతసేపు పడుతుందని మాత్రమే అడిగింది నూకరత్నం.

పరిశోధనశాలలోని నీటిగోడలోకి బుడంకాయను రప్పించారు. నూకరత్నం గొంతు వినగానే గొడుగు విప్పుకుని పరుగున వచ్చింది. ఆమె మణికట్టును పదహారు తంతువులతోనూ చుట్టేసుకుంది. వాటిని ఒక్కొక్కటే విడదీస్తుంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంది. అయినా చెయ్యి బయటికి తీసేసింది.

"వొగ్గీయే తల్లీ. మా మావ వొస్తన్నాడు" అంది దానితో.

నీలం వెలుగు ఆరి, మళ్ళీ వెలిగింది. అంతకుమించి ఏమీ జరిగినట్టు లేదు. ఆమె మేత పట్టుకుని వేళ్ళు లోపల పెట్టింది. బుడంకాయ తీరిగ్గా వచ్చి ఒక్కో ముక్కా తిన్నది. ఆఖరి ముక్క దగ్గర ఆగింది. ముట్టుకోకుండా వేళ్ళ చుట్టూ తిరిగింది.

నూకరత్నానికి కన్నీళ్ళు ఆగలేదు. "వొచ్చావా మావా" అంది.

అంతే, బుడంకాయ వెలుగు ఆరిపోయింది. తంతువులన్నీ లోపలికి ముడుచుకుని రాతి సందులోకి దూరిపోయింది. ఆమె కంగారుగా పిలిచింది, బతిమాలింది. పిలిచినకొద్దీ అది ఇంకా లోపలికి పోయింది. నకలు పాడయిపోయిందేమో చూడమని డాక్టర్ చేతులు పట్టుకుంది.

ఎస్తేరురాణి నాడీవల పటాన్ని తెర మీద చాలాసేపు చూసింది. చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది కానీ అబద్ధం చేతకాలేదు.

"పాడవలేదమ్మా. మీ గొంతు వినబడగానే ఆయన దీని వెలుగు ఆర్పి దాచేసేవారు. పదిహేనేళ్ళూ అదే. దీనికి అన్నిటికంటే గట్టిగా పడిన ముడి అదే. ఆయన పోయాక మీరు మొదట్లో మాట్లాడలేదన్నారు కదా. చేతికి అలవాటయ్యాక మెల్లగా మీ గొంతుకూ అలవాటుపడి, ఆ భయం మరిచిపోయింది."

తాను వంటగదిలోంచి అరుస్తూ వచ్చేసరికి చీకటిగా ఉండే గోడ నూకరత్నం కళ్ళ ముందు కదిలింది. ఆ గోడ పక్కన ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉండే చిన్నంనాయుడి ముఖమూ కదిలింది. తన మాటకు విలువిచ్చి ఆట ఆపేసేవాడని ఇన్నేళ్ళూ మురిసిపోయింది. ఆ మనిషి సొంత ఇంట్లోనే భయపడుతూ బతికాడన్నమాట. అడగడానికీ, కాళ్ళు పట్టుకోవడానికీ ఇప్పుడు ఎవరూ లేరు. ఉన్న ఒక్కటీ రాతి సందులో దాక్కుంది.

"మళ్ళీ రోజూ మెత్తగా మాట్లాడుతూ ఉండండి. ఏడాది తిరిగేసరికి ఈ భయం పోతుంది" అంది ఎస్తేరురాణి. దాంతోపాటు ఇంకేం పోతుందో ఇద్దరికీ తెలుసు.

నూకరత్నం చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు చప్పుడు బయటికి రాకుండా బిగబట్టి, ఆ ఆఖరి ముక్క పట్టుకుని చెయ్యి మళ్ళీ నీటిలో పెట్టింది. గది నిశ్శబ్దమైంది. చాలాసేపటికి రాతి సందులో నీలం వెలుగు మెరిసింది. బుడంకాయ మెల్లగా బయటికొచ్చి, ఆ ముక్క దగ్గర ఆగి, ఆమె వేళ్ళ చుట్టూ తిరగసాగింది.

"దీన్నే ఇంటికి పంపమంటారా?" అని డాక్టర్ ఆమె చెవిలో అడిగింది.

నూకరత్నం తలూపింది. నోరు మాత్రం విప్పలేదు.